గుంటూరు సీమలో సర్ వాల్టరు ఎలియటు

మా చిన్ననాట కంచములో అన్నము విడిచిపెట్టిన పిల్లవానిని మందలించుటకు మా యింట ఒక మాట వాడుకలో నుండెడిది. "డొక్కల కరువున పుట్టియుంటే మెతుకు విలువ తెలిసెడిది" అని. ఆ కరువు ఎన్నడు వచ్చెనో అన్నవారెఱుగరు, విన్న మేమును ఎఱుగము. అది మా నాయనమ్మకు ఆమె అత్తగారి నోట వచ్చిన మాట. ఆ అత్తగారికి అంతకు ముందటివారి నోట వచ్చినది. జనుల డొక్కలెండి, ప్రక్కటెముకలు లెక్కపెట్టుటకు వీలైన సంవత్సరము గనుక ఆ పేరు నిలిచినది. పంచాంగము ననుసరించి దానినే నందన కరువనియు చెప్పుదురు. అనగా క్రీ. శ. 1832-33.

ఈ సాయంకాలము నేను చెప్పబోవు కథకు నాయకుడు ఆ కరువుతో సంబంధించినవాడే గాని తెలుగువాడు కాడు. స్కాట్లండు దేశమున ఒక జమీందారునకు కుమారుడై పుట్టి, పిమ్మట తానును జమీందారైనవాడు. పేరు సర్ వాల్టరు ఎలియటు. కరువు తీరిన పండ్రెండేండ్లకు గుంటూరునకు వచ్చి, ఈ సీమ ఎందుకు చెడినదని విచారించి వ్రాసినవాడు. అమరావతి శిలలను గూర్చి చదివినవారు ఆయన పేరు వినియేయుందురు. కాని శిలలు త్రవ్వించిన ఎలియటును, కరువుసీమ లెక్కలు తిరుగవేసిన ఎలియటును ఒక్కడేయని మనలో పెక్కుమందికి తోచదు. చాలకాలము నాకును తోచలేదు.

ఆయన 1803 జనవరి 16వ తేదీన ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి జేమ్సు ఎలియటు. వారి జమీ పేరు వుల్ఫిలీ. అది రాక్సుబరో మండలములో ఇంగ్లండు సరిహద్దునకు చేరువనున్న కొండనేల. గొఱ్ఱెలు మేయు పచ్చిక తిప్పలు. ఆ సరిహద్దు వంశములవారు పూర్వము ఒకరి పసులనొకరు తోలుకొనిపోయి, పగలు సాధించుకొని, పాటల కెక్కినవారు. పల్నాటి వీరుల కథ వినుచు పెరిగిన మనకు ఆ సంగతి వింతగా నుండదు. పందొమ్మిదవ శతాబ్దినాటికి ఆ కత్తులు గోడల కెక్కినవి. ఆ యిండ్ల పిల్లలు కంపెనీ కొలువు వెదకుకొని ఓడ లెక్కుచుండిరి. వాల్టరు హెయిలీబరీ కళాశాలలో చదివి, 1821లో చెన్నపట్టణమున దిగెను. అచ్చట సెంటుజార్జి కోట కళాశాలలో తమిళమును, హిందుస్తానీని నేర్చి వేయి వరహాల బహుమానమందెను. దొరలు దేశభాషలు నేర్చుకొనుటకు కంపెనీవారు డబ్బు ఆశ చూపుచుండిరి. పెక్కుమంది బహుమానము పుచ్చుకొని భాషను మఱచిరి. ఈయన మఱవలేదు.

కొలువులో చేరిన క్రొత్తలోనే ఒక గండము గడచెను. 1824 అక్టోబరులో కిత్తూరు కోటవద్ద పోరు జరిగి, కంపెనీ ప్రతినిధి థాకరే హతుడయ్యెను. ఎలియటును, స్టీవెన్సను అను మఱియొక యువోద్యోగియు రాణి చెన్నమ్మ పక్షమువారికి బందీలై కొన్ని వారములు కోటలోనుండి, తుదకు విడువబడిరి. అటుపిమ్మట ఆయన 1833 వరకు ఆ దక్షిణ మహారాష్ట్ర ప్రాంతముననే యుండెను. ఎఱ్ఱని యెండలో గుడి గుడికి తిరిగి శాసనములకు నకళ్లు వ్రాయించెను. అట్లు కూర్చిన కన్నడదేశ శాసనముల ప్రతులు 595. చాళుక్యుల వంశక్రమమును చరిత్రకారులు తేల్చుకొనుటకు మొదటి ఆధారము ఆ కట్టలే. ఆ పని గుంటూరునకు సంబంధించినది కాదు. కాని రాతిమీది మాటయైనను, ఆకుమీది లెక్కయైనను, ఎవరో చెప్పిన సారాంశమును నమ్మక తానే చదువవలెనన్న పట్టుదల ఆయనకు ఆ శాసనములవద్ద కుదిరినదని నా యూహ. దాని ఫలము మన సీమ చూచినది.

ఇక గుంటూరు సంగతి. అప్పటి గుంటూరు జిల్లాలో నేటి ఒంగోలు ప్రాంతమంతయు లేదు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది, ప్రకాశము జిల్లా యేర్పడినది 1970లో. జిల్లాలు వేఱైనను నేల యొక్కటే. గుండ్లకమ్మనుండి కృష్ణవరకు చాలభాగము నల్లరేగడ. వాన పడిన దిగినకాలు పైకి రాదు. వాన పడకున్న పసుల కాలు దిగబడునంత నెఱ్ఱెలు విచ్చును. ప్రత్తి, జొన్న, పిమ్మట మిరప, అన్నియు మేఘమును నమ్మియే విత్తినవి. అట్టి నేలమీద 1802లో కంపెనీవారు శాశ్వత పైసలా చేసి, జమీందారులు ఏటేట కట్టవలసిన పేష్కషును ఖాయపఱచిరి. మేఘము శాశ్వతము కాదు, పేష్కషు శాశ్వతము.

వాసిరెడ్డివారు, రేపల్లె, చిలకలూరిపేట, సత్తెనపల్లి జమీందారులు ఆనాటి పెద్దలు. అందఱిలో మిన్న వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. చింతపల్లి విడిచి వచ్చి అమరావతి పట్టణమును కట్టించినవాడు, మంగళగిరి గాలిగోపురము నెత్తించినవాడు. దాతయని పేరు, చెంచులను వధించిన పాపము వెంటాడినదని కథ, రెండును జనుల నోట నేటికి నున్నవి. ఆయన 1816లో గతించెను. ఇద్దఱు దత్తపుత్రులు. వారి వ్యాజ్యము జిల్లా కోర్టునుండి సముద్రము దాటి ప్రివీ కౌన్సిలు దాక పోయెను. మొదటి దత్తుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని అక్కడి న్యాయమూర్తులు 1846లో తీర్పు చెప్పిరి. హిందూ ధర్మశాస్త్రము చదువు వకీళ్లు రంగమ్మ, అచ్చమ్మల వ్యాజ్యమని నేటికిని దానినే ఉదాహరింతురు. సిద్ధాంతము నిలిచెను. జమీ మాత్రము ఆనాటికే అప్పులలో మునిగి, సర్కారు చేతిలోనికి పోయెను.

అట్లు పెద్దలు కోర్టులలోనుండగా 1832లో వాన రాలేదు. మఱుసటి యేడు ధాన్యము లేదు, పశువు లేదు, విత్తనము లేదు. జనులు ఊళ్లు విడిచి చెన్నపట్టణపు బాటపట్టిరి. ఒంగోలు, నెల్లూరుల మీదుగా పోవు ఆ బాట పొడవున శవములు పడియుండెనని చూచినవారు వ్రాసిరి. చచ్చినవారి లెక్క సరిగా తేలలేదు. జిల్లాలో నున్న జనము రమారమి ఐదు లక్షలు. తక్కువ చెప్పినవారు లక్షన్నర చచ్చిరనిరి, ఎక్కువ చెప్పినవారు రెండు లక్షలు దాటించిరి. లెక్కలోని ఆ తేడాయే యాభైవేల ప్రాణములు. వారికి పేరులు లేవు, ఊరులు లేవు, తద్దినములు పెట్టినవారు లేరు. మా యింటి సామెత ఒక్కటి మిగిలినది.

ఇచ్చట ఒక కఠినమైన సంగతి చెప్పక తప్పదు. కంపెనీవారు విచారణకు మనిషిని పంపినది మనుష్యులు చచ్చిన వెంటనే కాదు. శిస్తు ఏండ్ల తరబడి తగ్గుచు వచ్చి, లండనులోని డైరెక్టర్లకు కోపము వచ్చిన పిమ్మట. 1845లో రెవిన్యూ బోర్డు సభ్యుడైన ఎలియటు గుంటూరు సీమ స్థితిని పరిశీలింప నియమితుడయ్యెను. ఆయనకిచ్చిన ప్రశ్న, ఆదాయ మేల పోయినదని. ఆయన అడిగిన ప్రశ్న అంతకంటె వెడల్పయినది.

ఆనాటి కచ్చేరి నడచిన తీరు వినుడు. హుజూరు కచ్చేరీలో శిరస్తాదారు, ఆయన చేతిక్రింది గుమాస్తాలు చాలవరకు మరాఠీలో లెక్క వ్రాయుదురు. గ్రామమున కరణము తెలుగులో వ్రాయును. కలెక్టరు బల్లమీదికి వచ్చునది ఇంగ్లీషు కాగితము. మూడు భాషలకు మూడు లెక్కలు. చేను ఎంత పండినదో కరణమునకు తెలియును; అందులో ఎంత దాచవచ్చునో కరణమునకును, కచ్చేరికిని నడుమ ఒడంబడిక. ఉద్యోగములు తండ్రినుండి కొడుకునకు, మామనుండి అల్లునికి దిగుచుండెను. కలెక్టరులు వచ్చిరి, పోయిరి. భాష రానివాడు తన శిరస్తాదారు కన్నులతోనే జిల్లాను చూచెను. పోగొట్టుకొన్నవారు ఇరువురు: పైన సర్కారు, క్రింద రైతు. సర్కారు తన నష్టమును ఏదో యొక నాటికి గుర్తించును. రైతు నష్టము ఏ లెక్కలోను చేరదు.

మరాఠీ పలుకు దేశమున పదేండ్లు పనిచేసి వచ్చిన దొర ఆ కచ్చేరీలో అడుగుపెట్టినప్పుడు గుమాస్తాల ముఖము లెట్లుండెనో నేనూహించుకొందును. దుబాసి అక్కఱలేని విచారణాధికారి! గుంటూరు కచ్చేరీకి అట్టివాడు అరుదు.

1846లో ఆయన తన నివేదికను పంపెను. కరువు ఒక దెబ్బ. సీమ కోలుకొనకపోవుటకు మూలము దీర్ఘకాలపు దుష్పరిపాలన, అని అందలి తాత్పర్యము. కంపెనీ కొలువులోని మనిషి కంపెనీ పాలననే తప్పుపట్టుట సామాన్యము కాదు. భూమిని మఱల కొలిపించి శిస్తును సరిదిద్దవలెననియు, కృష్ణానది నీటిని పొలములకు మళ్లించు నాలోచనను పూర్తిచేయవలెననియు సిఫారసు చేసెను. డైరెక్టర్లు మెచ్చుకొనిరి, మెచ్చుకొని, ఉత్తర సర్కారులన్నిటికి ఆయననే కమీషనరుగా నియమించిరి. 1854లో చెన్నపట్టణపు గవర్నరు ఆలోచనసభలో సభ్యుడగు దనుక ఆయన ఆ పదవియందుండెను.

ఆయనను మఱీ ఆకాశమున కెత్తుట నా యుద్దేశము కాదు. కృష్ణకు ఆనకట్ట కట్టవలెనను మాట ఆయనతో పుట్టినది కాదు. పద్దెనిమిదవ శతాబ్దపు చివరనుండియు ఇంజనీర్లు ఆ మాట చెప్పుచునే యుండిరి. కప్తాను బకుల్ వ్రాసెను, 1847లో కప్తాను లేకు కొలతలతో వ్రాసెను. కాగితములు కాగితములమీద పడుచుండెను. నీరులేని జిల్లాకు కరువు మరల వచ్చునని, ఆ సీమ లెక్కలన్నియు చదివిన రెవిన్యూ అధికారి చెప్పినప్పుడు ఆ కాగితములకు బరువు వచ్చినది. ఎలియటు చేసిన సాయము అంతవఱకు. అది తక్కువది కాదు. 1852లో పని మొదలై, 1855నాటికి కప్తాను ఓర్ పర్యవేక్షణలో బెజవాడ ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ ఆనకట్ట నిలిచెను. రమారమి మూడువేల ఏడువందల అడుగుల రాతికట్ట. దాదాపు నూఱేండ్లు నిలిచి, 1952లో గండిపడినది. దాని స్థానమున ప్రకాశము బ్యారేజి 1957లో వచ్చినది.

తెనాలి, రేపల్లె, బాపట్ల తాలూకాలు ఆ నీటితో మాగాణులైనవి. కాని శ్రోతలలో నరసరావుపేటవారో, సత్తెనపల్లివారో, అద్దంకివారో ఉన్నచో ఈపాటికి నవ్వుకొనుచుందురు. కాలువ పల్లమునకు పోవును గాని మెట్టకు రాదు. ప్రత్తి, మిరప పండు మెట్ట రేగడలు ఆ తర్వాతను మేఘమునే చూచుచుండెను. ఆ నేలలో కొంతకు నీరు వచ్చినది నాగార్జునసాగరము కుడికాలువతో. దానికి శంకుస్థాపన 1955లో, కాలువలకు నీరు వదలినది 1967లో. ఎలియటు నివేదికకు నూటయిరువది యేండ్ల పిమ్మట. ఆ కాలువ చివరి భూములవారు నీరు అందినదని నేటికిని గట్టిగా చెప్పరు. వారితో నేను వాదింపను.

ఇప్పుడు అమరావతికి వత్తము. 1845లోనే, ఆ లెక్కల విచారణ నడుచుచుండగనే, ఎలియటు అమరావతి దిబ్బను త్రవ్వించెను. దానిని ఊరివారు దీపాలదిన్నె అనిరి. దాని పూర్వకథ మీరెఱిగినదే. వేంకటాద్రినాయుడు పట్టణము కట్టించునప్పుడు, 1796 ప్రాంతమున, రాయికై ఆ దిబ్బను త్రవ్వగా బొమ్మలు చెక్కిన పాలరాతి పలకలు బయలుపడినవి. కొన్ని మెట్లైనవి, కొన్ని గోడలలో కూరుకొన్నవి, కొన్ని సున్నపుబట్టీలలో కాలి సున్నమైనవి. బుద్ధుని జాతకకథలతో పూసిన సున్నము ఏ యింటి గోడలమీద నున్నదో ఎవరు చెప్పగలరు? 1797 ప్రాంతమున కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. ఇరువదేండ్లకు మరల మనుష్యులను తెచ్చి బొమ్మలు వ్రాయించెను. ఆయన చూచిన వానిలో కొన్ని రెండవసారికే మాయమైనవి.

మెకంజీ లూయిసు దీవిలోని స్టార్నవే వాడు, స్కాట్లండువాడే. తరువాత లండనులో ఈ శిలలకు పేరుతెచ్చిన ఫెర్గుసన్, 1880ల మొదట ఇచ్చట త్రవ్వించి వ్రాసిన బర్జెసు, వీరును స్కాట్లండువారే. మన శిలలకును ఆ చలిదేశమునకును ఏ జన్మ సంబంధమో!

ఎలియటు దిబ్బ పడమటి ద్వారము ప్రక్కన, అంతకుముందు ఎవరును కెలకని చోటు చూచి త్రవ్వించెను. చిక్కిన పలకలను నదిమీదుగాను సముద్రముమీదుగాను చెన్నపట్టణమునకు చేర్చెను. దిబ్బమీద విడిచియుండిన సున్నపుబట్టీ వానిని తినియుండెడిదనుటలో నాకు సందేహము లేదు. ఆయన వానిని బట్టీనుండి తప్పించెను. కాని పిమ్మట? ఆ పలకలు కోట కళాశాల ముందట ఆరుబయట ఎండకు, ఉప్పుగాలికి, వానకు ఏండ్లతరబడి పడియుండెను. ఆయన గుంటూరులోను, ఉత్తర సర్కారులలోను పనిలో మునిగియుండెను. పట్టణమునకు తిరిగివచ్చి ఆలోచనసభలో కూర్చుండిన పిమ్మట వానిని మ్యూజియమునకు చేర్చుట జరిగినది. వానికి ఎలియటు శిలలని పేరు వచ్చినది. 1859లో 120కి పైగా పలకలను ఓడనెక్కించి లండనునకు పంపిరి. అచ్చట రేవుగట్టు కొట్టులో కొంతకాలము, పిమ్మట ఒక గుఱ్ఱపుబండ్ల సాలలో కొంతకాలము, పలుకరించు దిక్కులేక యుండినవి. 1867లో ఫెర్గుసన్ వేఱొక పనిమీద వెదకుచు వానిని కనుగొనెను. 1880లో బ్రిటిషు మ్యూజియము చేరినవి. నేటికి నచ్చటనే యున్నవి.

దీనిని రక్షణమందుమా, అపహరణమందుమా? నేను అమరావతికి పోయిన ప్రతిసారియు ఈ ప్రశ్న నాతో దిబ్బ చుట్టు ప్రదక్షిణము చేయును. ఒకమాఱు మాఘమాసమున పోతిని. ఊరి వెలుపల కల్లములలో మిరపపండ్లు ఎండుచుండెను, ఘాటునకు తుమ్ములు. దిబ్బవద్ద గడ్డి, ఇటుకలు, నిలువబెట్టిన కొలదిపాటి రాళ్లు. ప్రక్కన చిన్న మ్యూజియములో మిగిలిన పలకలు. ఒక పల్లెటూరి పెద్దమనుష్యుడు తన మనుమనికి ఏనుగుబొమ్మ చూపుచు, "మిగతావి ఏవి తాతా?" అని పిల్లవాడడుగగా, "పట్నాలకు పోయినవిరా" అని ఊరకొనెను. చెన్నపట్టణమని కాని, లండనని కాని ఆయన యెఱుగడు. నేను చెప్పబోయి మానుకొంటిని. బట్టీ సంగతికూడ చెప్పవలసివచ్చును. అది చెప్పినచో ఆ గోడలు మన ఊరివే.

ఎలియటుమీద నాకున్న ఫిర్యాదు త్రవ్వించుట కాదు, కొనిపోవుట కూడ కాదు. లెక్కల విషయమున అంత జాగరూకుడైన మనిషి, ఏ పలక ఏ చోట దొరికినదో ఆనాడే సమగ్రముగా అచ్చువేయింపలేదు. శాసనములకు 595 ప్రతులు వ్రాయించినవాడు ఇచ్చట జ్ఞాపకముమీద నాధారపడెను. పెక్కేండ్లకు తరువాతివారడుగగా జాబులలో చెప్పెను. జమాబందీ లెక్కలు ఆ యేడు ఆయన చేతినిండ నుండెను గదా యని ఒక్కొక్కప్పుడు సమాధానపడుదును. చచ్చినవారి సీమ లెక్క ముందో, చెక్కిన రాళ్ల లెక్క ముందో అని అడిగినచో నేనేమి చెప్పుదునో నాకే తెలియదు.

పైని చెప్పిన 1859 మిక్కిలి చిత్రమైన సంవత్సరము. శిలలు ఓడనెక్కిన ఆ యేడే గుంటూరు జిల్లా పేరు మాయమైనది. దానిని మచిలీపట్టణముతో కలిపి కృష్ణా జిల్లా చేసిరి. మరల గుంటూరు జిల్లా యేర్పడుటకు 1904 దాక ఆగవలసివచ్చెను. ఆ యేడే ఎలియటు 'ఫ్లోరా ఆంధ్రికా' అను పొత్తమును చెన్నపట్టణమున అచ్చువేయించెను. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలలో జనులు చెట్టు చేమలను ఏమని పిలుతురో ఆ తెలుగు పేరులను వరుసగా పేర్చి, ఎదుట శాస్త్రజ్ఞుల లాటిను పేరులను పెట్టిన పట్టిక అది. శిస్తు వసూలుకు అక్కఱలేని పొత్తము. దానిలోని పేరులు చెప్పినవారు పసులకాపరులు, మందులవారు, పొలములో కలుపుతీయు స్త్రీలు కాక మఱెవరు? దొర గుఱ్ఱము దిగి "దీనిని ఏమందువు?" అని అడుగగా, అటు చూచి ఇటు చూచి చెప్పినవారి మాటలు ఆ పుటలలో నున్నవి. డొక్కల కరువున ఆకు అలము తిని బ్రతికినవారికి ఏది విషమో, ఏది కూరయో తెలిసియుండును. ఆ తెలివికి పేరులైన మిగిలినవి.

ఆ 1859లోనే ఇంగ్లండులో చార్లెసు డార్విను జీవజాతుల పుట్టుకను గూర్చిన ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించెను. అందు పావురముల ప్రకరణమున, భారతదేశమునుండి పావురపు తోళ్లు పంపిన ఎలియటునకు కృతజ్ఞత చెప్పియున్నాడు. చెట్లెక్కు ఉడుతవంటి ఒక చిన్న జంతువునకును శాస్త్రజ్ఞులు ఎలియటు పేరే పెట్టిరి. అన్నట్లు, చెన్నపట్టణమున అడయారు ప్రక్కనున్న ఎలియట్సు బీచి ఈయన పేరున వెలసినది కాదు. అది ఎడ్వర్డు ఎలియటను మఱియొకని పేరు. ఇరువురిని కలిపివేయువారు నేటికిని కలరు.

1858లో రాణి పాలన వచ్చినదని ప్రకటించునాడు గవర్నరు హారిసు ప్రభువు అస్వస్థుడైయుండగా, సభలో పెద్దయగు ఎలియటే చెన్నపట్టణమున ఆ కార్యమునకు ముందు నిలిచెను. 1860 ఆరంభమున కొలువు చాలించి వుల్ఫిలీ చేరెను. 1866లో సర్ బిరుదము వచ్చినది. తన కొండనేలలో జమీందారుగా కాపురముండి, అచ్చటి పల్లె వ్యవహారములు చూచుకొనుచు, పక్షులు, పాత నాణెములు, సరిహద్దు కథలు గూర్చి వ్రాసికొనుచుండెను. ఆంధ్రతీరమున దొరకు సీసపు నాణెములను గూర్చి ఆయన అంతకు ముందే వ్రాసియుండెను. దక్షిణదేశపు నాణెములపై ఆయన పెద్ద గ్రంథము వచ్చునాటికి చూపు దాదాపు పోయినది. ఒకనాడు ఇతరులు చదివిన లెక్కను నమ్మక తానే చదివిన కన్నులు అవి. ఇప్పుడు ఇతరులు చదువగా వినవలసివచ్చెను.

1887 మార్చి 1వ తేదీ ఉదయమున ఆయన తమిళ పండితుడైన డాక్టరు పోపునకు తిరుక్కుఱళ్ ముద్రణ విషయమై ఒక జాబు చెప్పి వ్రాయించి, అడుగున తన చేతితోనే సంతకము చేసెను. ఆ సాయంకాలమే గతించెను.